నూట పంతొమ్మిది ఓట్లు

ట్రీసెన్‌బెర్గ్,
1984 జనవరి 8

అక్కా,

ఈ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. మూడుసార్లు కలం మూత తీసి మూడుసార్లు పెట్టేశాను. నాలుగోసారి మూత ఎక్కడ పెట్టానో కనబడలేదు. సిరా ఎండిపోతుందని రాయడం మొదలుపెట్టాను.

బావ పోయినప్పుడు నేను పంపిన కార్డులో ఉన్నవి రెండే వాక్యాలు, అందులో ఒకటి అచ్చు వేసి వచ్చినదే. మంచు పడి రాలేకపోయానన్నది నేను రాసింది. పోయిన నవంబరులో ఇక్కడ మంచు పడలేదు. నువ్వు రోజూ రేడియోలో వాతావరణం వింటావని తెలిసీ ఆ మాట రాశాను.

బావని నేను చూసింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ ట్రాము గురించే మాట్లాడాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నడిపినా ఒక్కసారి కూడా దారి తప్పలేదని చెప్పి తనే నవ్వేవాడు. పట్టాల మీద దారెలా తప్పుతారని నేను అడగాలి, అది మా ఇద్దరి ఒప్పందం. అలా చూస్తే నేనూ అంతే. నలభై ఏడులో కొండకి సొరంగం తవ్వినప్పుడు మేము ఇటు నుంచి, వాళ్ళు అటు నుంచి తవ్వుకుంటూ వచ్చాం. రెండూ ఎదురుపడకపోతే ఏం చేస్తామని నేను ఇంజనీరుని అడిగాను. 'అప్పుడు రెండు సొరంగాలుంటాయి' అన్నాడు. ఆ మాట మీద ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

బాసెల్ ఎలా ఉంటుందో చదువుదామనుకున్నాను. చర్చి ఫాదర్ గారు వదిలేసి వెళ్ళిన విజ్ఞాన సర్వస్వం నా దగ్గర పదకొండు సంపుటాలుంది కానీ, బి అక్షరం సంపుటం లేదు. కాబట్టి బాసెల్ గురించీ, బెల్జియం గురించీ, బీట్‌రూట్ గురించీ నాకేమీ తెలియదు.

ఇక్కడ విశేషాల్లేవు. పై గదిలో పొయ్యి పగిలింది. బాగు చేయిస్తున్నాను.

నీ తమ్ముడు
థియోడుల్


బాసెల్,
1984 జనవరి 29

థియో,

ఉత్తరం చేరింది. పదకొండేళ్ళుగా కార్డులు తప్ప మరేమీ లేవు, ఇప్పుడు ఆరు పేజీలు. ట్రాముకి ఒకటి, సొరంగానికి రెండు. నేనెలా ఉన్నానని అడగడానికి చోటు చాలలేదు కాబోలు.

బాగానే ఉన్నాను. మీ బావ ఎమిల్ కోటు ఇంకా తలుపు వెనకే ఉంది. రోజూ మధ్యాహ్నం వంతెన దాకా నడుస్తాను. మీ కింద పారే రైన్ నది ఇక్కడికొచ్చేసరికి బాగా వెడల్పవుతుంది. పన్నెండేళ్ళప్పుడు నువ్వు అందులో ఉమ్మి, 'సముద్రం దాకా వెళ్తుంది' అన్నావు. బాసెల్ మీదుగానే వెళ్ళి ఉంటుంది.

నీకు గుర్తుండకపోతే చెబుతున్నాను. డెబ్బై మూడు ఫిబ్రవరిలో అమ్మ పోయిన వారమే మీ మగాళ్ళంతా ఓట్లేసి, ఆడవాళ్ళకి ఓటు వద్దన్నారు. అంత్యక్రియల భోజనాల దగ్గర నువ్వు గ్లాసెత్తి, 'మా అమ్మ డెబ్బై తొమ్మిదేళ్ళు ఓటు లేకుండా బతికింది, ఒక్కరోజు తలనొప్పి రాలేదు' అన్నావు. బల్లంతా నవ్వింది. నేను సూప్ వదిలేసి లేచాను. ఈ ఊరి మగాళ్ళు అవుననే దాకా ఈ గడప తొక్కనన్నాను.

అమ్మకి ప్రతి శుక్రవారం తలనొప్పి వచ్చేది. నువ్వు సొరంగంలో ఉండేవాడివి.

క్రెసెంజ్


ట్రీసెన్‌బెర్గ్,
1984 ఫిబ్రవరి 20

అక్కా,

శుక్రవారాల సంగతి నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

నువ్వెలా ఉన్నావు? ఇదిగో, మొదటి పేజీలోనే అడిగాను.

సారయెవో ఒలింపిక్స్ స్కీ పోటీల్లో మన బుల్లి దేశానికి రెండు కాంస్య పతకాలొచ్చాయి, పేపర్లో చూసే ఉంటావు. మొదటిది అబ్బాయిది. రెండోది పోయిన శుక్రవారం, అమ్మాయిది. హోటల్లో టీవీ ముందు ఊరి మగాళ్ళంతా చేరాం. ఆ పిల్ల రెండో విడత దిగుతుంటే వడ్రంగి ఫీడెల్, అదే చిన్నప్పుడు నీ జడ పలకకి కట్టినవాడు, కుర్చీ ఎక్కి నిల్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె మూడోదని తేలగానే దిగి, ఎడాపెడా అందరినీ కౌగిలించుకున్నాడు. హోటలు నడిపే హెర్మీనా గ్లాసులు తుడుస్తూ, తలెత్తకుండానే అంది: "కొండ దిగొచ్చు, పతకం తేవచ్చు. పంచాయితీ గదిలోకి మాత్రం రాకూడదు." ఫీడెల్ కుర్చీ తుడిచాడు.

మళ్ళీ ఓటు పెడతారట, వేసవిలో. ఇది మూడోసారి. మగాళ్ళు వేస్తే ఆడవాళ్ళకి వస్తుంది.

పొయ్యి బాగైంది. పై గది ఇప్పుడు వెచ్చగా ఉంటుంది. కిటికీ తూర్పుకే ఉంది, ఎప్పటిలాగే.

తమ్ముడు
థియో


బాసెల్,
1984 మార్చి 18

థియో,

ఇక్కడ కార్నివాల్ అయిపోయింది. మూడు రోజులు డోళ్ళు, పిల్లనగ్రోవులు. ఎమిల్ ఉన్నప్పుడు ఇద్దరం మొహం చిట్లించుకుని కిటికీ మూసేవాళ్ళం. ఈసారి తెరిచే ఉంచాను. చప్పుడు ఉంటే ఉండనీ అనిపించింది.

ఇక్కడ ఆడవాళ్ళకి ఓటొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అన్నిటికీ వెళ్ళి వేస్తాను. మొన్న మురుగు కాలవల మీద కూడా వేశాను. ఆ కాలవలేమిటో నాకు తెలియదు.

పొయ్యి, కిటికీ అని రెండు ఉత్తరాల్లోనూ రాశావు. పై గది అద్దెకిస్తున్నావని అర్థమైంది. మంచిదే. ఒంటరిగా ఉండటం కంటే పైన ఎవరి అడుగుల చప్పుడైనా వినబడటం నయం. నా పాత పెట్టె అటక మీద ఉంటే పారేయొచ్చు.

ఈసారి ఏం వేస్తావు?

క్రెసెంజ్


ట్రీసెన్‌బెర్గ్,
1984 జూలై 2

అక్కా,

ఇన్నాళ్ళు రాయనిది ఫలితం తెలిశాకే రాద్దామని. నెగ్గింది. రెండువేల మూడువందల డెబ్బై అవును, రెండువేల రెండువందల యాభై ఒకటి కాదు. నూట పంతొమ్మిది ఓట్ల తేడా. మన చర్చిలో ఆదివారం అంతకంటే ఎక్కువమంది దగ్గుతారు.

నిన్న సాయంత్రం రేడియోలో చెప్పినప్పుడు హోటల్లో మన మూల బల్ల దగ్గర పద్నాలుగు మంది ఉన్నాం. తరవాత ఒక్కొక్కరే, తాము అవుననే వేశామని మొదలుపెట్టారు. పద్నాలుగు మందీ! మూడు నెలలుగా బల్ల గుద్ది వద్దన్న ఫీడెల్ కూడా. ఇక ఆ కాదన్న రెండువేల పైచిలుకు ఆస్ట్రియా నుంచి వచ్చి ఉండాలి. హెర్మీనా అందరికీ తన తరఫున ఒక గ్లాసు పోసింది. ఫీడెల్ ముందు పెడుతూ అతని కళ్ళలోకి చూసింది. అతను గ్లాసు ముట్టుకోలేదు.

పై గది సంగతి. అద్దెకివ్వలేదు. దానికి ఒక మనిషిని అనుకున్న మాట నిజమే. ఆవిడకి మొహమాటం, పైగా కొంచెం కోపిష్టి. ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఈలోగా తెరలు ఉతికించాను. నీ పెట్టె ఎక్కడిదక్కడే ఉంది.

సార్గాన్స్‌లో రైలు దిగితే బస్సులు ఇదివరకటిలా కాదు. కింద వాడూజ్‌లో మారాలి. అక్కడి నుంచి పైకి పదకొండున్నరకి ఒకటి, నాలుగూ పదికి ఒకటి. పదకొండున్నరదే నయం, ఎండ ఎదురుగా ఉండదు. ఊరికే రాశాను.

తమ్ముడు
థియో


బాసెల్,
1984 జూలై 10

థియో,

నెగ్గిందని ఇక్కడి పేపర్లో రెండో పేజీలో వేశారు. ఐరోపాలో అందరికంటే ఆఖరు అని నవ్వుకుంటూ రాశారు. కింద ఫ్లాటు ఆవిడ ఆ ముక్క కత్తిరించి తెచ్చి నాకిచ్చింది. మా ఊరే అన్నాను.

ఆ కోపిష్టి ఆవిడ త్వరగా అవుననుగాక. డెబ్బై ఒకటో ఏట నీకు ఆ ధైర్యం ఉందనుకోలేదు.

మార్చిలో ఒక మాట అడిగాను. నువ్వు జవాబివ్వలేదు. పద్నాలుగు మంది వేసింది రాశావు, నువ్వు వేసింది రాయలేదు. ఒక్క మాట చాలు. అవునా, కాదా?

క్రెసెంజ్


ట్రీసెన్‌బెర్గ్,
1984 జూలై 24

అక్కా,

ఓటన్నది రహస్యం. దీని మీద విజ్ఞాన సర్వస్వంలో మూడు పేజీలున్నాయి. పూర్వం గ్రీకులు కుండపెంకుల మీద రాసి వేసేవాళ్ళట, ఎవరి రాత ఎవరిదో పోల్చి చూసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట. తరవాత రోమన్లు మైనం పూసిన పలకలు తెచ్చారు. ఆస్ట్రేలియావాళ్ళు తెర కట్టారు. ఆ తెర వెనక మనిషి ఒక్కడే ఉండాలి, వాడి భార్య గానీ, ఫాదర్ గానీ, అక్క గానీ తొంగిచూడకూడదన్నది దాని ఉద్దేశం. రెండువేల ఏళ్ళు పట్టిన సంగతిని నువ్వు ఒక్క మాటలో అడుగుతున్నావు.

ఎండుగడ్డి కోతలు అయిపోయాయి. ఒక్క వాన కూడా పడలేదు. ఈసారి ఆగస్టు పదిహేనున దేశం పండగకి కొండ మీద మంటలు వేసేవాళ్ళు తక్కువయ్యారు. కట్టెలు మోయడానికి నన్ను రమ్మన్నారు. వెళ్ళను. ఆ రోజు ఇంట్లోనే ఉండాలనుకుంటున్నాను.

పదకొండున్నర బస్సు పండగ రోజుల్లో కూడా ఉంది. అడిగాను.

తమ్ముడు
థియో


బాసెల్,
1984 సెప్టెంబరు 2

థియో,

ఆగస్టు పదిహేనున నేను వచ్చాను.

కాదనే వేశావని నాకు తెలిసిపోయింది. అవునని వేసినవాడు ఒక్క మాటలో చెబుతాడు, వెయ్యనివాడే గ్రీకుల దాకా వెళతాడు. అయినా వచ్చాను. నువ్వు రాసిన బస్సే ఎక్కాను. ఎండ ఎదురుగా లేదు, ఆ మాట నిజం. వంపు దగ్గర దిగి పైకి నడుస్తుంటే మోకాళ్ళు పట్టేశాయి, రెండుసార్లు ఆగాను. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. ఒకామె నాతో మన యాసలో కాక పుస్తకాల జర్మన్‌లో, పట్నం వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

తలుపు మీద మూలికల కట్ట వేలాడుతోంది, ఆ ఉదయం చర్చిలో దీవెన చేయించి తెచ్చినది. అమ్మ పోయాక ఆ తలుపుకి కట్ట కట్టే చెయ్యి లేదనుకున్నాను. గడప పక్కన ఎర్ర ఉన్ని జోళ్ళు, ఆడవాళ్ళవి, కొత్తవి. పై కిటికీకి ఉతికిన తెరలు. తలుపు తట్టలేదు. బయటి బెంచీ మీద అరగంట కూర్చున్నాను. ఇంట్లో చప్పుడు లేదు. ఇద్దరూ కలిసి పండగకి వెళ్ళి ఉంటారనుకున్నాను. నాలుగూ పదిది పైకి వచ్చే బస్సని నీ ఉత్తరంలో ఉంది, కిందికి వెళ్ళేది ఎప్పుడో రాయలేదు. అడిగి తెలుసుకున్నాను.

ఆవిడ అవునన్నందుకు సంతోషం. ముందే చెప్పి ఉంటే ఏదైనా పట్టుకొచ్చేదాన్ని.

ఇక ఇంటి విషయాలు నాకు రాయనక్కర్లేదు.

క్రెసెంజ్


ట్రీసెన్‌బెర్గ్,
1984 సెప్టెంబరు 30

అక్కా,

నాలుగు వారాలుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. చింపేసినవి పొయ్యిలో వేశాను. పై గది పొయ్యి బాగా మండుతోంది.

ఆ జోళ్ళు నీవి.

జూన్‌లో కొన్నాను. కొలత ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదిలో నీ పెళ్ళి, పెళ్ళి బూట్లు కూడా ముప్పై ఎనిమిదే. వాటికి అడుగు కొట్టించుకొచ్చింది నేనే కాబట్టి మరిచిపోలేదు. కొత్త ఉన్ని వాసన పోవాలని గడప పక్కన పెట్టాను. మూలికల కట్ట నేనే కట్టాను. అమ్మ తొమ్మిది రకాలు పెట్టేది. నాకు ఏడే తెలుసు. ఎనిమిదోది పెరట్లో కొత్తిమీర, తొమ్మిదోది ఏమిటో నాకూ తెలియదు, ఎర్రపువ్వు ఉంది. చర్చిలో దీవెనప్పుడు ఆడవాళ్ళ వరసలో కట్ట పట్టుకుని నిల్చున్న మగాణ్ణి నేనొక్కణ్ణే. ఫీడెల్ అటువైపు నుంచి చూసి సైగ చేశాడు, 'వచ్చే ఏడు నీకు గౌను కుట్టిస్తాం' అన్నట్టు. పై గదికి అనుకున్న మొహమాటపు కోపిష్టి ఆవిడ ఎవరో నీకు చదవగానే తెలిసిపోతుందనుకున్నాను. చమత్కారంగా రాశాననుకున్నాను.

ఆ రోజు ఇంట్లోనే ఉంటానని రాశాను కదా. దీవెన అయ్యాక పదిన్నర దాకా ఉన్నాను. నీ నుంచి జాబు లేదు. పదకొండున్నర బస్సు వచ్చి, అందులోంచి ఎవరూ దిగకపోతే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. కట్టెలు మోయడానికి కొండెక్కాను. పన్నెండింటప్పుడు పైనుంచి చూస్తే బస్సు వంపు తిరగడం కనబడింది, అగ్గిపెట్టెంత. దిగినవాళ్ళెవరో అంత దూరం నుంచి తెలియదు.

ఇక ఓటు. పెన్సిలు దారంతో కట్టి ఉంది. అవునని వేద్దామనే వెళ్ళాను. ఫీడెల్ తెర బయట దగ్గుతున్నాడు. పెన్సిలు కాగితానికి ఆనించాక ఒక ఆలోచన వచ్చింది: ఇది నెగ్గితే, అక్క రాకపోవడానికి ఇక కారణం ఉండదు. అప్పటికీ రాకపోతే? పదకొండేళ్ళుగా ఎవరడిగినా, 'మా అక్క ఓటు పట్టుదల మీద రావట్లేదు' అని చెప్పాను, కొంచెం గొప్పగానే. ఆ మాట కూడా లేకపోతే ఏం చెప్పాలి? కాదని వేసేంత పాపిష్టివాణ్ణీ కాను. ఆ పని ఒకసారి చేశాను, డెబ్బై మూడులో, నాన్న ఉంటే అలాగే వేసేవాడు కాబట్టి వేశాను. ఈసారి కాగితం ఉన్నది ఉన్నట్టే మడిచి పెట్టెలో వేశాను.

నూట పంతొమ్మిదిలో నేను లేను. అటు రెండువేల మందిలోనూ లేను. ఖాళీ చీటీలు విడిగా లెక్కపెడతారట, అందులో ఒకటి నాది.

నేను ఇంత చేశాక నువ్వేమో, కాదని వేశానని నమ్మి కూడా బస్సెక్కావు.

పోయిన నెల రాజుగారు పాలన పనులు యువరాజుకి అప్పగించారు. బిరుదు ఆయనదే, పని కొడుకుది. ఆయనకి డెబ్బై ఎనిమిది. ఫీడెల్ బల్ల దగ్గర అడిగాడు: "ఏం థియో, నువ్వెవరికి అప్పగిస్తావ్?" అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చూసుకుంటే పదకొండు సంపుటాలు, అమ్మ గడియారం, ఒక జత జోళ్ళు ఉన్నాయి.

తమ్ముడు
థియో


బాసెల్,
1984 నవంబరు 11

తమ్ముడూ,

వాన సంగతి చెప్పడానికి మూడు పేజీలు రాస్తావు. బుద్ధెరిగిన తరవాత నీ చేతికొచ్చిన కాగితాల్లో ఖాళీగా వదిలింది అదొక్కటే అయి ఉంటుంది. చదివి నవ్వాను. చాలా రోజులైంది, ఆ చప్పుడుకి నాకే ఆశ్చర్యమేసింది.

నేను కూడా ఒకటి చెప్పాలి. ఆ ఓటు ఎలాగూ నాది కాదు. స్విస్ వాణ్ణి చేసుకున్న రోజే నా కాగితాలు స్విస్ అయిపోయాయి, మీకు నేను పరాయిదాన్ని. మీ దేశంలో ఏది నెగ్గినా నాకు వచ్చేది ఏమీ లేదు. అమ్మ భోజనాల నాడు సూప్ వదిలి లేచినప్పుడు నాకు కావలసింది ఓటు కాదు. నువ్వు వెనకే వాకిట్లోకి వస్తావనుకున్నాను. బస్సు కోసం ఇరవై నిమిషాలు నిల్చున్నాను. లోపల్నుంచి నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. గడప తొక్కనన్నది అప్పుడు నోటికొచ్చిన మాట. కోపం రెండేళ్ళకే పోయింది. తరవాత తొమ్మిదేళ్ళూ ఎవరైనా పిలుస్తారేమోనని చూశాను, అంతే.

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మళ్ళీ చదివాను. పొయ్యి ఉంది, తూర్పు కిటికీ ఉంది, బస్సు వేళలున్నాయి, గ్రీకులున్నారు. 'రా' అన్న మాట ఎక్కడా లేదు.

తొమ్మిదో మూలిక ఎర్రపువ్వు కాదు, చేమంతి.

జోళ్ళ కొలత ముప్పై తొమ్మిది. ఈ మధ్య కాళ్ళు వాస్తున్నాయి.

అక్క


ట్రీసెన్‌బెర్గ్,
1984 డిసెంబరు 1

అక్కా,

రా.

నిన్న కిందికి వెళ్ళి జోళ్ళు మార్చుకొచ్చాను. ముప్పై తొమ్మిదిలో ఎరుపు లేదు, బూడిద రంగువి తీసుకున్నాను. పాతవి ఎవరూ తొడగలేదు కాబట్టి వెనక్కి తీసుకున్నారు.

థియో